నాలుగో నంబరు సీసా

నా టిఫిన్ డబ్బా మూత మీద నాకు పాత కోపం ఉంది. వనపర్తిలో బస్సెక్కి గద్వాలలో దిగేలోగా తొక్కు పచ్చడిలోని నూనె ఎటో ఒక దారి వెతుక్కుంటుంది. పోయిన వేసవిలో ఆ నూనె ఒక విద్యార్థి పరిశోధన పత్రం మీదికి పాకింది. అందులో కొంచెం రుచి ఉన్న పేజీ అదొక్కటే. అయినా నాకు సిగ్గేసింది. మూడు డబ్బాలు మార్చాను. మూడూ ఒకే కుటుంబానికి చెందినవి.

మా ప్రయోగశాలలో గాజు సామాను కడిగే అమ్మ ఇది చూసింది. నేను ఈ కాలేజీలో చేరకముందు నుంచీ ఆమె అక్కడే ఉంది. గాజు గొట్టం పగిలితే, చప్పుడును బట్టి ఎవరి చేతిలో పగిలిందో చెప్పగలదు.

"గా డబ్బ పారెయ్యి సారూ. నేను మంచి సీస తెస్త. తలకిందులు జేసినా చుక్క గారది," అంది.

మర్నాడే తెచ్చింది. గోధుమరంగు గాజు సీసా, బిర్రు మూత, నిండా మామిడి తొక్కు. అన్నట్టే చుక్క కారలేదు. రెండు ముద్దలు తిని, మూడో దానికోసం సీసా వంచినప్పుడు, అడుగున గాజు మీద గీసిన నాలుగు అంకె కనబడింది. దాని తోకను అంత వంకరగా గీసేది మా కాలేజీలో నేనొక్కణ్నే.

కల్వకుర్తి, ఉప్పునుంతల వైపు చెరువుల నీళ్లలో ఎరువుల జాడ ఎంతుందో మేం చూస్తుంటాం. తెచ్చిన నీళ్లు చెడిపోకుండా వాటిలో చిటికెడు మెర్క్యురిక్ క్లోరైడ్ వేస్తాం. పాదరసం నుంచి వచ్చే తెల్లటి పొడి. చూడటానికి ఉప్పులాగే ఉంటుంది, ఉప్పుకున్న మంచితనం మాత్రం ఉండదు. ఆ పొడి ఉండే ప్రతి సీసాకూ నేను గీసే నంబరు నాలుగు.

"అమ్మా, గిది యాడిది?"

"మన ల్యాబుదే గద సారూ. ఖాళీదే తీస్కపోయిన. దొంగతనం గాదు."

కాదు. ఖాళీ అయిన సీసా కడిగిన మనిషిది. మా దగ్గర ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ అది. దాన్ని ఎవరూ పెట్టలేదు కాబట్టి ఎవరూ ఆపలేదు.

"ఇంట్ల ఇంకెన్ని ఉన్నయి?"

"ఆరో, ఏడో. ఉప్పుకొకటి, కారానికొకటి, తొక్కుకు రెండు... గట్ల జూస్తవేంది? బూడిదేసి, సబ్బువెట్టి మూడుసార్లు తోమిన. ఈ చేతులతోనే."

ఆ చేతులను అప్పుడు చూశాను. వేళ్ల సందుల్లో తోలు పగిలి, గోళ్లు పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి.

ఖాళీ సీసాను కూడా విషంగానే చూడాలనీ, కడిగిన నీళ్లను తూములో పోయకూడదనీ, చేతి తొడుగులు లేకుండా ముట్టకూడదనీ మా ప్రయోగశాల తలుపు వెనక ఒక కాగితం ఉంది. రాసింది నేనే, ఇంగ్లీషులో. తలుపు పొద్దంతా తెరిచే ఉంటుంది కాబట్టి ఇన్నేళ్లుగా దాన్ని చదువుతున్నది గోడ ఒక్కటే. విషపు వ్యర్థాల కోసం తెప్పించిన ఎర్ర డ్రమ్ములో ప్రిన్సిపాల్ గారి క్రోటన్ మొక్క బాగా ఎదుగుతోంది. చేతి తొడుగులు ఆయన బీరువాలో, తాళం వెనక క్షేమంగా ఉన్నాయి. తనిఖీ వాళ్లు వచ్చిన రోజు అమ్మకు ఒక జత తొడిగించి ఫొటో తీశారు. వాళ్ల జీపు గేటు దాటకముందే విప్పించి డబ్బాలో పెట్టారు.

"ఆ తొక్కు ఇంకెవరు తింటున్నరమ్మా?"

"నా బిడ్డ. రాజోలి నుంచి కాన్పుకొచ్చింది, ఏడో నెల. పులుపు మీద పానం గుంజుతుంది దానికి. రోజూ అదే..."

నా ముఖం చూసి అర్థం చేసుకుంది కాబోలు.

తల్లినీ బిడ్డనూ ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. ముగ్గురం రక్తం, మూత్రం ఇచ్చాం. వాటిని హైదరాబాదు పంపాలన్నారు. సీసాలో ఉన్నదేమిటో కాలేజీ కాగితం మీద రాసి తెమ్మని డాక్టరమ్మ అడిగింది. ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. ఆయన మంచినీళ్లు ఇచ్చి, ఫ్యాను పెంచి, చివరికి చెప్పారు.

"పాదరసం అని ఎందుకండీ? 'ప్రయోగశాల రసాయనం' అని రాయండి. పైవారం తనిఖీ ఉంది."

"కడుపులో పిల్లకు తనిఖీ సంగతి తెల్వదు సార్," అన్నాను. నేను బతుకులో గట్టిగా మాట్లాడిన సందర్భాలు తక్కువ; అది వాటిలో ఒకటి, అది కూడా చాలలేదు. తెల్ల కాగితం మీద పొడి పేరు రాసి, కింద నా పేరు పెట్టి డాక్టరమ్మకు ఇచ్చాను.

సాయంత్రం మిగతా సీసాల కోసం ల్యాబు అమ్మ ఇంటికి వెళ్లాను. వంటింటి అరలో వరసగా ఏడు, తళతళలాడుతున్నాయి. అడుగున అన్నిటి మీదా నా చేతిరాతే. ఒక్కొక్కదాన్నీ మందపాటి సంచీలో పెడుతుంటే బిడ్డ గోడకానుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ ఉంది.

మర్నాడు పొద్దున ప్రిన్సిపాల్ గారిని బీరువా తాళంచెవి అడిగాను. ఇవ్వలేదు. బీరువా తాళం రెండు దెబ్బలకే ఊడింది. దాచిన సరుకుకు తగ్గ తాళమే. తొడుగుల డబ్బా తెచ్చి అమ్మ ముందు పెట్టాను. ఆమె ఒకటి తీసి వేళ్లు దూర్చబోయింది. ఏళ్ల తరబడి మూలిగిన రబ్బరు, తడిసిన అప్పడంలా చీలి చేతిలోకి వచ్చింది. ఇంకొకటి తీసింది, అదీ అంతే. డబ్బా అంతా అంతే.

హైదరాబాదు నుంచి ఇంకా ఏమీ రాలేదు. ఆమె చినిగిన ముక్కలను బల్ల మీద పెట్టి, నా ముఖంలోకి చూసింది.

"నువ్వు రెండు ముద్దలు తిన్నవు గాబట్టి జెప్పినవ్ సారూ. మేమే తింటుంటే జెప్తుంటివా?"