జీపును లాగిన పదమూడో ఎక్కం

మా తరం వాళ్ళం ఎక్కాలు నోటితో నేర్చుకున్నామని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. శుద్ధ అబద్ధం. మేము వీపుతో నేర్చుకున్నాం. ‘ఏడు ఎనిమిదులు’ దగ్గర ఎవరైనా నీళ్ళు నమిలితే మేష్టారి బెత్తం తక్కినది పూర్తి చేసేది. ఇప్పటికీ ‘యాభై ఆరు’ అన్న మాట చెవిన పడితే నా నడుము తనంతట తానే నిటారుగా అయిపోతుంది (డాక్టరు దాన్ని వెన్నెముక అరుగుదల అంటాడు, ఆయనకేం తెలుసు, పాపం). అందుకే టీచరు ట్రైనింగులో చేరిన రోజే ఒట్టు పెట్టుకున్నాను. నా తరగతిలో బెత్తం ఉండదు, నా పిల్లలు నవ్వుతూ ఎక్కాలు చెబుతారు అని. ఆ వయసులో ఒట్లకేం కొదవ? పొద్దున్నొకటి, సాయంత్రమొకటి పెట్టుకునేదాన్ని.

డెబ్భైల చివర్లో నాకు విశాఖపట్నంలో ఫిషింగ్ హార్బరుకు దగ్గరగా, సముద్రపు ఒడ్డునే ఉన్న ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో టెంపరరీ పోస్టు వచ్చింది. మా నాన్న పోర్టులో గుమాస్తా. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి, క్వార్టర్సులో స్థిరపడి, సముద్రాన్ని చూసినప్పుడల్లా “ఇన్ని నీళ్ళుండి ఏం లాభం, ఒక్క ఎకరం తడవదు” అని నిట్టూర్చే మనిషి. ఆడపిల్ల ఉద్యోగానికి వెళ్ళడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. నేను అన్నం మానేసి అలిగితే చివరికి దిగొచ్చాడు గానీ ఒక మెలిక పెట్టాడు. “చూడమ్మా, టెంపరరీ అంటున్నావు. ఇన్స్పెక్షనులో ఈ పోస్టు అక్కర్లేదని తీసేశారనుకో, ఇక మళ్ళీ ఉద్యోగం ఊసెత్తకూడదు. బుద్ధిగా ఇంట్లో కూర్చుని ఎంబ్రాయిడరీ చేసుకుందువు గాని.” నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు. అంచేత ఆ పోస్టు నిలవడం నాకు ప్రాణంతో సమానం.

మొదటి రోజు గంజిపెట్టిన చీర కట్టుకుని, ట్రైనింగులో తయారుచేసిన బోధనోపకరణాలన్నీ సంచిలో వేసుకుని బడికి వెళ్ళాను. అట్టముక్కలతో చేసిన మామిడిపళ్ళు ఒక్కొక్కటీ బోర్డుకు గుచ్చి, “చెట్టుకి ఆరేసి పళ్ళు, అలాంటి చెట్లు ఏడు” అని ఎంతో ముద్దుగా మొదలుపెట్టానో లేదో, సముద్రపు గాలి ఒక్క విసురు విసిరింది. నా మామిడితోట మొత్తం ఎగిరి ఎదురింటి వాళ్ళు ఆరబెట్టుకున్న ఎండుచేపల మీద పడింది. మర్నాడు చింతగింజలు తెచ్చి పంచాను, లెక్కపెట్టుకుంటారని. మధ్యాహ్నానికి ఒక్క గింజ లేదు. వేయించుకుని తినేశారు. “బావున్నాయి టీచర్, రేపు కూడా తెత్తారేటి?” అని అడిగింది ఒక పిల్ల. దాన్ని బడంతా ‘సరంగు’ అని పిలిచేవారు. సరంగు అంటే పడవ నడిపించే పెద్ద. ఎనిమిదేళ్ళది, నా మోచేతి ఎత్తు లేదు గానీ అది గొంతెత్తిందంటే హార్బరులో బోటు హారను కూడా సిగ్గుపడాలి. అది కూర్చోమంటే పిల్లలు కూర్చునేవారు, లేవమంటే లేచేవారు. నా మాట మాత్రం పిల్లలకీ పట్టదు, సముద్రానికీ పట్టదు.

అసలు చిక్కు అది కాదు. పొద్దెక్కే వేళకు బడి పక్క ఇసుకలో పెద్దవల లాగేవారు. పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ వేసొచ్చిన వలను రెండు పక్కలా తాళ్ళు పట్టుకుని ఊరంతా ఒడ్డుకు లాగడం అన్నమాట. అక్కడ “ఐలెస్సా” అన్న కేక వినబడిందంటే ఇక్కడ నా తరగతి ఖాళీ. పలకలు ఒకచోట, పిల్లలు ఒకచోట. ఓర్చుకున్నాను, ఓర్చుకున్నాను, ఒకరోజు ఒళ్ళు మండిపోయి (నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ దిగలేదు) చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి ఇసుకలో పరుగెత్తాను. చూద్దును కదా, రెండో ఎక్కం చెప్పమంటే నేల చూపులు చూసే నా పిల్లలు, పెద్దవాళ్ళ మధ్య తాడు పట్టుకుని, ముందున్నవాడు ఒక మాట విసిరితే దానికి తగిన మాట అందరూ ఒక్క గొంతుతో తిప్పి కొడుతున్నారు. ఒక్కడూ తడబడడు, ఒక్కడూ దిక్కులు చూడడు. సరంగు వాళ్ళమ్మ నన్ను చూసి, “ఏటమ్మా టీచరమ్మా, గుడ్లప్పగించి సూత్తన్నావ్? వొచ్చినదానివి ఒక సెయ్యి ఎయ్యి!” అంది. పట్టుకోకపోతే నామోషీ అనిపించి తాడు పట్టుకున్నాను. రెండో ఊపుకే వెల్లకిలా పడ్డాను. ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. “ఓలమ్మోలమ్మ, టీచర్ని సేప లాగీసింది!” అని సరంగు కేక. అలా ఇసుకలో పడి ఆకాశం చూస్తూ ఉండగానే నాకా ఆలోచన తట్టింది. ముందున్నవాడు విసిరే మాట ‘ఏడు ఆర్లు’ ఎందుకు కాకూడదు?

మర్నాడు ఊళ్ళో అడిగి ఒక పాత వలతాడు తెచ్చాను. వరండాలో మూలపడి ఉన్న పొడుగాటి బల్లకు కట్టి పెరటి ఇసుకలో పెట్టించాను. నియమం ఒక్కటే. సరంగు ప్రశ్న విసరాలి, అందరూ జవాబు చెబుతూ ఒక్క గుంజు గుంజాలి. జవాబు తప్పితే బల్లను వెనక్కి నెట్టెయ్యాలి. “ఏడొకట్లూ?” “ఏడూ... ఐలెస్సా!” “ఏడు రెళ్ళూ?” “పద్నాలుగూ... ఐలెస్సా!” అబ్బ, ఏం చెప్పమంటారు! బల్ల కదులుతుంటే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు చెప్పినవాణ్ణి నేను తిట్టే పనే లేదు, పక్కవాళ్ళే “ఒరే, నీవల్ల ఎనక్కెళ్ళిపోయింది కాదేటి!” అని పీక్కుతినేవారు. వాడు మధ్యాహ్నం అన్నం తింటూ కూడా ఎక్కం వల్లించుకునేవాడు. రెండు వారాలు తిరిగేసరికి, వలలాగే కేక వినబడినా నా తరగతిలోంచి ఒక్క పిల్ల కదలలేదు. మా కేక వాళ్ళ కేకను మించిపోయింది.

మా పెద్ద మేష్టారికి మాత్రం గుండెల్లో దడ. ఆయన సన్నగా, తెల్లగా, ఎప్పుడూ గొడుగుతో ఉండే సాత్వికుడు. ఆదివారాలు చర్చిలో పాటల బృందానికి ఆయనే పెద్ద. ఒక మధ్యాహ్నం ఆయన ఆ బల్లమీదే కాస్త నడుం వాల్చి కునుకు తీస్తున్నారు. నా వీరులు చూసుకోలేదు (చూసుకున్నారనే నా అనుమానం). తొమ్మిదో ఎక్కం అయ్యేసరికి ఆయన గేటు దగ్గరున్నారు. లేచి, కళ్ళజోడు సర్దుకుని, చుట్టూ చూసి, “అమ్మా, ఇది బడా, జెట్టీయా?” అన్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన మాత్రం, “అదలా ఉంచు గానీ, నాలుగో గుంజు దగ్గర తాళం తప్పుతున్నారు” అని గొడుగు నేలకేసి కొడుతూ ఎలా అందుకోవాలో చూపించారు. ఆ రోజు నుంచి తాళం ఆయనది, తాడు మాది.

అలా పన్నెండో ఎక్కం దాటి పదమూడులో పడ్డాక ఇన్స్పెక్షన్ వచ్చింది. కబురు తెలిసిన క్షణం నుంచి పెద్ద మేష్టారు మనిషి మనిషిలా లేరు. “తాడు ఆయన కంట పడితే మనిద్దరం అయిపోయామమ్మా” అని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేశారు. నేనూ తలూపాను. ఎక్కాలు వచ్చేశాయి కదా, ఇక తాడెందుకని నా ధీమా. ఇన్స్పెక్టరుగారు జీపు దిగారు. ఆరడుగుల మనిషి, నుదుట మూడు మడతలు, నవ్వు జాడే లేదు. “పన్నెండో ఎక్కం” అన్నారు. తరగతి మొత్తం చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడింది. నిశ్శబ్దం. “పన్నెండు రెళ్ళు?” నిశ్శబ్దం. పిల్లల పిడికిళ్ళు మాత్రం ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. సరంగు ఇక ఉండబట్టలేక, “సేతిలో తాడు నేదు కదా సార్, ఎలాగొత్తాది?” అంది. ఆయన “తాడా?” అని నా వైపు చూశారు. నేను పెద్ద మేష్టారి వైపు చూశాను. పెద్ద మేష్టారు పైకప్పు వైపు, ఇంకా పైనున్న ప్రభువు వైపు చూశారు. ఇన్స్పెక్టరుగారు నిట్టూర్చి, “ఈ మాత్రం దానికి రెండో టీచరెందుకండీ? ఈ పోస్టు తీసేయమని రాస్తాను” అనేసి బయటికి నడిచారు. నాకు కళ్ళ ముందు ఎంబ్రాయిడరీ రింగు గుండ్రంగా కనబడింది.

బయట జీపు ‘కుయ్యో’మంటోంది. డ్రైవరు దాన్ని నీడ కోసమని తీసుకెళ్ళి మెత్తటి ఇసుకలో పెట్టాడు. సముద్రపు ఒడ్డున ఎక్కడ బండి ఆపాలో ఎక్కడ ఆపకూడదో మా ఒకటో తరగతి పిల్లనడిగినా చెప్పేది. చక్రాలు తిరిగేకొద్దీ జీపు దిగబడిపోతోంది. డ్రైవరు తోశాడు, ఇన్స్పెక్టరుగారు బూట్లు విప్పి తోశారు. అంగుళం కదల్లేదు. అంతలో సరంగు నా కొంగు పట్టుకు లాగింది. “టీచర్! తాడు తెమ్మంటారేటి?” ఎటూ పోయే పోస్టే కదా, భయమెందుకు? “తే!” అన్నాను. ఆశ్చర్యమేమిటంటే, నాకన్నా ముందు పెద్ద మేష్టారే బీరువా తాళం తీయడానికి పరుగెత్తారు.

తాడు జీపుకు కట్టాం. బడి మొత్తం వరస కట్టింది. సరంగు ముందు నిలబడి, “పన్నెండొకట్లూ?” అని ఒక్క అరుపు అరిచింది. “పన్నెండూ... ఐలెస్సా!” ఒక్క జవాబు రాని తరగతి, అదే తరగతి, ఒడ్డు దద్దరిల్లేలా అందుకుంది. పెద్ద మేష్టారి గొడుగు జీపు బానెట్ మీద తాళం వేస్తోంది. నేను కొంగు బిగించి తాడు పట్టుకున్నాను. పన్నెండు ఏళ్ళు ఎనభై నాలుగు దగ్గర జీపు కిర్రుమంది. పన్నెండు పదులు నూట ఇరవై దగ్గర ముందు చక్రాలు గట్టెక్కాయి, వెనక చక్రాలు గోతిలోనే ఉన్నాయి. ఎక్కం అయిపోయింది! “ఆపకండి! పదమూడు, పదమూడు అందుకోండి!” అని కేక పెట్టింది ఎవరనుకున్నారు? ఇన్స్పెక్టరుగారే. హోదా మరిచి, ప్యాంటు మడిచి, మా రెండో తరగతి పిల్లల మధ్య తాడు పట్టుకుని ఉన్నారు. పైగా ఉత్సాహం ఆపుకోలేక ప్రశ్నలు ఆయనే విసరడం మొదలుపెట్టారు. ఆరు, ఏడు దాకా బాగానే నడిచింది. “పదమూడు ఎనిమిదులూ...” అని, జవాబు కూడా తనే చెప్పబోయి, “తొంభై... తొంభై...” అంటూ ఆగిపోయారు. తాడు బిగుసుకుని వణుకుతోంది. “నూట నాలుగు!” అని అరిచింది సరంగు. “మీకు రాపోతే ఊరుకోండి సార్, ఆగితే ఎనక్కెళ్ళిపోద్ది!” బడంతా “నూట నాలుగూ... ఐలెస్సా!” అని గుంజింది. పదమూడు తొమ్మిదులు నూట పదిహేడు. పదమూడు పదులు నూట ముప్పై. ఆ ముప్పైతో జీపు ఒక్క గెంతు గెంతి గట్టి నేల మీదికొచ్చింది. మేమందరం, ఇన్స్పెక్టరుగారితో సహా, ఒకరిమీద ఒకరం వెల్లకిలా పడ్డాం.

ముందు నవ్వింది ఆయనే. ఆ నుదుటి మడతలు ఎటుపోయాయో తెలీదు. పొట్ట పట్టుకుని, ఇసుకలో దొర్లుతూ నవ్వారు. లేచి దులుపుకుని, “ఏమ్మాయ్, పదిహేనో ఎక్కం నేర్పాలంటే దేన్ని లాగిస్తావు?” అని అడిగారు. నేను ఊరుకునే మనిషినా? “మీరు లారీలో రండి సార్, చూపిస్తాను” అన్నాను. పెద్ద మేష్టారు గుండె చేత్తో పట్టుకున్నారు. ఇన్స్పెక్టరుగారు మాత్రం జీపెక్కుతూ, “పోస్టు ఉంటుంది. ఆ తాడు మాత్రం బీరువాలో పెట్టకండి” అన్నారు. జీపు మలుపు తిరిగేదాకా ఆగి, పెద్ద మేష్టారు గొడుగు గాల్లోకి ఎగరేశారు. ఆయన జీవితంలో చేసిన ఏకైక దుందుడుకు పని అదే అయ్యుంటుంది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి చీర నిండా గ్రీజు, జుట్టు నిండా ఇసుక, రెండు అరచేతులూ బొబ్బలు. అమ్మ చీర చూసి లబలబలాడింది. నాన్న వీధి గుమ్మంలోనే నిలబెట్టి, “ఉందా, పోయిందా?” అన్నాడు. “ఉంది నాన్నా!” అని అరిచాను. ఆయన నన్ను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. బొబ్బలకు వెన్న రాశాడు. అన్నం కలుపుకోవడానికి నాకు చేతులు రాకపోతే, తనే ముద్దపప్పులో నెయ్యి వేసి కలిపి ముద్దలు పెట్టాడు. చిన్నప్పుడు మానేశాక మళ్ళీ పెట్టడం అదే. నేను నోటినిండా అన్నంతో జీపు కథంతా చెబుతుంటే, “ఆఁ, అప్పుడు?” అంటూ ఒక్కో ముద్దా అందించాడు. చివర్లో మెల్లిగా, “ఎంబ్రాయిడరీ నీకు రాదులేవే” అన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు చాలా బళ్ళలో పాఠాలు చెప్పాను, శాలువాలు కప్పించుకున్నాను, పళ్ళేల్లో పళ్ళు పుచ్చుకున్నాను. ఏదీ ఆ పప్పన్నం రుచిలో సగం లేదు. బొబ్బల చేతులు ఒళ్ళో పెట్టుకుని, లోకాన్ని గెలిచిన దానిలా నోరు తెరుచుకుని కూర్చున్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. దాన్ని చూస్తే, నిజం చెప్పొద్దూ, కాస్త అసూయగా కూడా ఉంటుంది.