ఎడమ తలుపు మీద కోటు

"అది కాదు వదినా, ఇందాక నేను చెప్పింది నువ్వు సగమే విన్నావు. బీరువా చిన్నదని కాదు నా బాధ. తలుపులు రెండూ ఒకేసారి తెరిస్తే మంచానికి కొట్టుకుంటాయి. అదీ బాధ."

"మంచం జరుపు."

"జరిపితే గది తలుపు తెరుచుకోదు."

"అయితే మా తమ్ముణ్ణి జరుపు. వాడు దేనికీ కొట్టుకోడు," అంటూ వదిన మంచం మీదున్న బట్టల గుట్టని మోచేత్తో నెట్టి, తనకి సరిపడా జాగా చేసుకుని కూర్చుంది.

ఈ వదిన ఉండేది పక్క వీధిలో. తమ్ముడింట్లో గిన్నె జారిపడితే ఆవిడ చెవిన పడుతుంది. ఇవాళ జారిపడింది గిన్నె కాదు, పడగ్గదిలో గోడ బీరువా మొత్తం. చీరలు, చొక్కాలు, దుప్పట్లు, ఎప్పటిదో చిన్నపిల్ల ఊలు టోపీ, జిప్పు ఊడిన సంచులు, మూలల్లో దొర్లుతున్న కలరా ఉండలు, అన్నీ మంచం మీదికీ నేల మీదికీ దిగాయి. వాటి మధ్య మరదలు కొంగు బిగించి, ఒక్కచోట నిలబడకుండా తిరుగుతోంది. ఒక చీర తీసి మడత పెడుతుంది, కిటికీలోంచి వీధి చూస్తుంది, అదే చీర విప్పి మళ్ళీ మడత పెడుతుంది.

ఈ మరదలు పనిచేసేది చెప్పుల షాపు వెనక గోడౌనులో. అక్కడ అందరూ "జతలక్క" అంటారు. ముందు షాపులోంచి ఎవరైనా ఫలానా సైజు అని కేకేస్తే చాలు, తల తిప్పకుండానే చెయ్యి చాచి ఆ డబ్బా లాగి ఇస్తుంది. ఎడమకాలిది ఒకచోట, కుడికాలిది ఒకచోట ఉంటే ఆవిడకి అన్నం సయించదు. అలాంటి మనిషి సొంత బీరువా మాత్రం ఇన్నేళ్ళూ తలుపు తెరిస్తే మీద పడేలా ఉంది. ఎందుకంటారా? అందులో సగం ఒక కోటు తినేసింది.

ఆ కోటు ఆవిడ భర్తది. ఆయనకి కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ. కూరగాయలూ పళ్ళూ గడ్డకట్టేంత చలిలో ఉండే పెద్ద గిడ్డంగి. లోపలికెళ్ళాలంటే దుప్పటంత మందం కోటు కావాలి. దాన్ని తొడుక్కుని రోజూ చీకటి పడగానే బయల్దేరే ఆయన్ని వీధి పిల్లలు "కోటాయన" అనేవాళ్ళు. ఆ పిల్లలకి మీసాలొచ్చాయి గానీ ఆయన పేరు మారలేదు, డ్యూటీ మారలేదు.

పెళ్ళయినప్పట్నుంచీ అంతే. ఆవిడ పగలు, ఆయన రాత్రి. ఒకే మంచం, ఒకే బీరువా, రెండు వంతులు. ఆవిడ లేచే వేళకి ఆయన వస్తాడు, ఆయన లేచే వేళకి ఆవిడ వస్తుంది. కూతురు చంటిపిల్లగా ఉన్నప్పుడు ఎంత చిన్న చప్పుడుకైనా ఉలిక్కిపడి లేచేది. దాంతో ఇంట్లో ఫోను మోగకూడదని ఒప్పందం అయింది. మరి మాట చెప్పుకోవడం ఎలా? బీరువా తలుపుల మీద చెప్పుకున్నారు. కుడి తలుపు పిడికి శాలువా వేలాడుతుంటే, ఇప్పుడే నిద్రపట్టింది, లేపొద్దని. తువ్వాలు వేలాడుతుంటే, తిన్నాను, అంతా బాగానే ఉంది, దిగులు పడొద్దని. ఎడమ తలుపు మీద బయటివైపు కోటు వేలాడిందా, ఇక అయిపోయినట్టే: "నా మనసు బాగాలేదు. పలకరించకండి. తలుపు తియ్యకండి. కోటు తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోండి."

కోటు బయటికొచ్చిన సందర్భాలు తక్కువే. ఆయన చెప్పాపెట్టకుండా ఆవిడ సైకిలు అమ్మేసినప్పుడు ఒకసారి వచ్చింది. వారం రోజులు అక్కడే వేలాడింది. ఆయన రోజూ కిక్కురుమనకుండా తీసుకెళ్ళి, తెల్లారి తెచ్చి మళ్ళీ అక్కడే తగిలించాడు. ఆయన పద్ధతి అది.

కూతురు పెరిగి, ఉద్యోగం చూసుకుని వేరే ఊరు వెళ్ళిపోయింది. చప్పుడుకి లేచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అయినా అలవాటు పోలేదు. ఆ ఇంట్లో ఫోను మోగిందంటే ఎవరికో ఏదో అయిందనే లెక్క.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, కోల్డ్ స్టోరేజీలో కాటా దగ్గర పగటి ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. చలి లేదు, కోటు అక్కర్లేదు. మేనేజరు ఆయన్ని పిలిచి, వారం చేసి చూడు, నచ్చితే ఉండు, లేకపోతే నీ రాత్రి డ్యూటీ నీకే అన్నాడు. ఆ వారం ఇవాళ్టితో సరి. చీకటి పడేలోగా మాట చెప్పాలి. చెప్పాక ఇక మార్చడానికి లేదు.

ఈ రోజు కోసం ఆవిడ ఎన్నేళ్ళుగా ఎదురుచూసిందో! తీరా వచ్చాక వారమంతా ముళ్ళ మీద ఉన్నట్టే గడిచింది. ఒకే గదిలో ఇద్దరు అద్దెకి దిగినట్టుంది. ఆవిడ మంచం మధ్యలో పడుకునే మనిషి, ఇప్పుడు అంచుకి జరిగి కళ్ళు తెరుచుకుని పడుకుంటోంది. ఆయనకి రాత్రి నిద్ర రాదు, లేచి నీళ్ళు తాగుతాడు, కూర్చుంటాడు, మళ్ళీ నీళ్ళు తాగుతాడు. ఇద్దరూ ఒకే వేళకి బట్టలు మార్చుకోవాలి. ఒకరు తలుపు తీస్తే ఇంకొకరు మంచం మీద కాళ్ళు ముడుచుకోవాలి. ఇవాళ పొద్దున్న ఆయన ఎడమ తలుపు తీశాడు, ఈవిడ కుడి తలుపు తీసింది, మధ్యలో ఈవిడ వేలు నలిగింది.

"అబ్బ! ఇన్నేళ్ళూ ఈ గదిలో హాయిగా ఒక్కదాన్నే బట్టలు కట్టుకున్నాను!" అనేసింది.

ఆయన తలుపు మెల్లగా మూశాడు. చొక్కా చేత్తో పట్టుకుని వసారాలోకి వెళ్ళి అక్కడ తొడుక్కున్నాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొస్తానోయ్. నువ్వేమంటే అదే వెళ్ళి మేనేజరుకి చెప్తాను."

ఉండిపోండి అనడానికి ఎంతసేపు? కానీ వేలు మంట, బస్సు వేళ, పైగా అలా ఎదురుగా నిలబడి చెప్పుకోవడం ఇద్దరికీ చేతకాదు. "సరే, రండి," అంది అంతే.

షాపుకి వెళ్ళిందన్న మాటే గానీ చెయ్యి చాచితే వేరే సైజు డబ్బా వస్తోంది. ఒకసారైతే రెండూ ఎడమకాలివే పంపించింది. "జతలక్కా, ఒంట్లో బాలేదా?" అన్నారు. పూట సెలవు పెట్టి ఇంటికొచ్చేసింది. దార్లోనే ఉపాయం తట్టింది. నోటితో చెప్పలేకపోతే పోనీ, ఎడమ సగం మొత్తం ఖాళీ చేసి, అందులో ఆయన బట్టలు వరసగా పెడితే? వచ్చి తలుపు తియ్యగానే ఆయనకే తెలుస్తుంది.

"ఇంతకీ రేపు పొద్దున్న ఏడింటికి వచ్చే వాడి కోసం ఇప్పుడింత హడావిడా?" అంది వదిన.

"ఏడు కాదు వదినా, పగటి డ్యూటీ కదా. మధ్యాహ్నమే దిగుతారు."

"ఓహో, పగటి మొగుడా! మర్చేపోయాను."

మరదలికి నవ్వొచ్చింది గానీ చేతులు ఆగలేదు. ముందుగా కోటు బయటికి లాగింది. మంచం మీద చోటు లేదు, నేల మీద పెడితే దుమ్ము. చేతికి అందిన చోట తగిలించి పని మొదలుపెట్టింది. ఎడమ సగం ఖాళీ అయింది. కొత్త కాగితం పరిచింది. కడ్డీకి ఆయన చొక్కాలు తగిలిస్తే హ్యాంగర్లు చాల్లేదు.

"మడిచి అరలో పెట్టవే," అంది వదిన.

"కాదు, వేలాడాలి. తలుపు తియ్యగానే కనపడాలి."

"వాడు చొక్కాలు చూసి మురిసిపోతాడా? పెళ్ళిచూపుల్లో నిన్నే సరిగ్గా చూళ్ళేదు, నా వెనక నక్కాడు!"

ఇద్దరూ తలుపులు దగ్గరికి వేసి, ఇంటికి తాళం పెట్టి, వీధి చివరి ప్లాస్టిక్ సామాన్ల కొట్టుకి వెళ్ళారు. అక్కడ హ్యాంగర్లు ఎర్రవా నీలివా అని వదిన బేరం మొదలుపెట్టింది. "తొందరగా కానీ వదినా," అని మరదలు కాలు కాలిన పిల్లిలా కొట్టు ముందు తిరిగింది. ఎర్రవీ నీలివీ కలిపి తెచ్చుకున్నారు.

ఇంటికొచ్చేసరికి తాళం వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపలికి రాగానే ఆవిడకి తేడా కనపడింది. గుమ్మం పక్క మేకుకి ఎప్పుడూ ఉండే ఆయన రాత్రి డ్యూటీ భోజనం డబ్బా సంచి లేదు. గదిలోకి పరిగెత్తింది. కుడి తలుపు పిడికి తువ్వాలు వేలాడుతోంది.

ఎడమ తలుపు మీద ఏమీ లేదు.

"కోటేది వదినా? ఇక్కడే కదా తగిలించాను... ఇక్కడే..." అంటూ ఎడమ తలుపుని చేత్తో తడిమింది. అప్పుడు తట్టింది తను ఏం చేసిందో. మంచం అంచున కూలబడింది.

"ఏమైందే? దొంగలా?"

"దొంగలు తువ్వాలు తగిలించి వెళ్తారా? తాళంచెవి ఆయన దగ్గరా ఉంది, ఆయనే వచ్చారు. కోటు చూశారు. నేనే పొమ్మన్నాననుకున్నారు." శాలువా దగ్గర్నుంచి సైకిలు దాకా గబగబా చెప్పేసింది. వదిన హ్యాంగర్లు పక్కన పడేసింది.

"ఇన్నేళ్ళూ ఇలాగా కాపురం చేశారు? నోరు దేనికిచ్చాడే మీకు దేవుడు! పోనీ, తలుపు తీస్తే లోపల చొక్కాలు కనపడేవిగా వాడికి?"

"కోటు బయటుంటే ఆయన తలుపు తియ్యరు వదినా. అదే రూలు."

ఎడమ తలుపు లాగింది. కొత్త కాగితం మీద పడ్డ ముడత కూడా అలాగే ఉంది. ఆయన చొక్కాలు వరసగా, గుండీలన్నీ ఒకవైపుకి చూస్తూ ఉన్నాయి. వంటింట్లోకి వెళ్ళి మూత తీసింది. గిన్నెలో తిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. తినలేదు. తిన్నానని మాత్రం తువ్వాలు తగిలించి వెళ్ళాడు.

"బస్సెక్కి వెళ్ళనా?" అని చెప్పులు వేసుకుంది. "వంతెన దగ్గర ఈ వేళకి బండి కదలదు." విప్పేసింది. "ఆటో?" మళ్ళీ వేసుకుంది. ఈసారి కుడిది ఇంట్లో చెప్పు, ఎడమది బయటి చెప్పు. జతలక్క అది చూసుకోనే లేదు.

"అమ్మాయ్, ఇలా కూర్చో," అంది వదిన గొంతు తగ్గించి. "ఫోను చెయ్యి."

"ఫోనా? నా నంబరు చూస్తే ఆయన గుండె ఆగుతుంది! పిల్లకి ఏదో అయిందనుకుంటారు."

"మేనేజరుతో రాత్రి డ్యూటీ అని చెప్పేశాక ఆ కోటేసుకుని లోపలికెళ్తాడు. ఆ ఇనప తలుపుల వెనక ఫోను మోగదని నువ్వే చెప్పావు. ఆ తర్వాత నీ చొక్కాలు నువ్వే తొడుక్కో."

కిటికీ అవతల ఎండ గోడ పైకి ఎక్కేసింది. ఆయన ఈపాటికి బస్సు దిగి, చేతి మీద కోటు వేసుకుని, నేల చూసుకుంటూ ఆఫీసు వైపు నడుస్తుంటాడు.

ఆవిడ ఫోను తీసుకుంది. ముందు "ఎవరికీ ఏమీ కాలేదండీ" అనాలి. లేకపోతే తర్వాతి మాట ఆయనకి వినపడదు. ఆ తర్వాత కోటు సంగతి. కాదు, కోటు తర్వాత, ముందు ఉండిపోండి అనాలి. ఉండిపోండి అంటే ఎక్కడ అంటాడు. ఇంట్లో అనాలి. ఎడమవైపు అనాలి.

"ఏం గొణుక్కుంటున్నావే?" అంది వదిన.

"వదినా, నువ్వు కాస్త వసారాలో కూర్చుంటావా?"

"అబ్బో!" అని వదిన లేచి, వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరికి వేసింది.

ఆవిడ ఎడమ తలుపు బార్లా తెరిచి, ఆయన చొక్కాల ఎదురుగా మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఆయన నంబరు కోసం ఫోనులో వెతకడం మొదలుపెట్టింది.