చెవుల్లో దూది

మా ఇంట్లో ఒక పౌడరు డబ్బా ఉండేది. అందులో పౌడరు లేదు. ఆముదంలో తడిసి, మురికి పట్టి, నల్లగా గట్టిపడిపోయిన రెండు దూది ఉండలు ఉండేవి. ఆరు నెలలు దాచాను వాటిని. ఇల్లు సర్దేటప్పుడు మా ఆయన రెండుసార్లు పారెయ్యబోతే గొడవపడి మరీ వెనక్కి లాక్కున్నాను. అవి ఎవరి చేతిలో పెట్టాలో నాకు మొదటిరోజే తెలుసు. ఎప్పుడన్నదే తెలియదు.

మాది నర్సీపట్నం. మా ఆయన పెళ్లి ఊరేగింపులకు గుర్రం నడుపుతాడు. పెళ్లికొడుకు పైన కూర్చుంటే కళ్లెం పట్టుకుని ముందు నడిచేది ఆయన. జూలు అల్లి, మెడకు పూసలు కట్టి, నుదుటికి అద్దాల పట్టీ కట్టి గుర్రాన్ని ముస్తాబు చెయ్యడం నా వంతు. పన్నెండేళ్లు ఒకే గుర్రంతో నెట్టుకొచ్చాం. అది ముసలిదై పోయాక కొత్తది కొనాల్సి వచ్చింది. అప్పటిదాకా లోకంలో ఇంతమంది అబద్ధాలకోరులు ఉన్నారని నాకు తెలియదు.

గేదెను కొనాలంటే మా వైపు ఎవరిని అడిగినా నాలుగు మాటలు చెబుతారు. గుర్రం సంగతి అలా కాదు. చూసినవాళ్లే తక్కువ, ఇక తెలిసినవాళ్లెక్కడ? అమ్మేవాడు చెప్పిందే వేదం. ఒకాయన మచ్చలేని తెల్ల గుర్రమని చూపించాడు. మా ఆయన దాని మెడ నిమిరితే అరచెయ్యంతా తెల్లబడి గంధం పౌడరు వాసన వేసింది. ఇంకొకాయన ఐదేళ్ల గుర్రమన్నాడు. నోరు తెరిపించి చూస్తే పళ్లు ఆకురాయితో అరగదీసి ఉన్నాయి. ఇదేమిటని అడిగితే, "మెత్తటి గడ్డే తింతాదండి, అందుకే పళ్లు అలగున్నాయి" అన్నాడు, కళ్లార్పకుండా. మూడో ఆయన గుర్రం ఎంతసేపూ నిలబడే ఉంది. నాలుగడుగులు నడిపించమంటే "దానికిప్పుడు మూడ్ లేదండి" అన్నాడు. మూడ్ వచ్చేదాకా కూర్చుంటామంటే, ఇంటి దగ్గర మీకు పనులుంటాయి కదండీ అని మాకే గుర్తుచేశాడు. తోవంతా తిట్టుకుంటూ రావడం, మళ్లీ ఎవరో చెప్పారని ఇంకో ఊరు బయల్దేరడం, రెండు నెలలు ఇదే పని.

చివరికి రావికమతంలో ఒక పెద్దమనిషి దొరికాడు. తెల్ల పంచె, భుజాన ఆకుపచ్చ తువ్వాలు, మాటకు ముందు నవ్వు. "నా మాట నమ్మొద్దండి, గుర్రాన్నే అడగండి" అన్నాడు. డప్పులవాళ్లను ఇద్దరిని పిలిపించి, గుర్రానికి రెండు పక్కలా నిలబెట్టి వాయించమన్నాడు. పక్క పాకలో దూడ బెదిరి తాడు తెంపుకుంది. గుర్రం మాత్రం తోక కూడా ఆడించలేదు. ఊరేగింపు గుర్రానికి కావలసింది అదొక్కటే, శబ్దానికి బెదరకపోవడం. మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

బేరం మా వైపు పశువుల సంతలో జరిగినట్టే జరిగింది. తువ్వాలు కప్పుకుని దాని కింద ఇద్దరూ చేతులు కలుపుతారు. వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పైకి ఒక్క మాట ఉండదు, చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. "మాట తువ్వాల కిందే ఉండాలమ్మా, పైకొత్తే దిష్టి" అన్నాడాయన నాతో. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అది పుష్యమాసం చివర. ఆ రోజుల్లో మంచు కొండల మీంచి దిగి, పొద్దున తొమ్మిదైనా మా ఊరిని వదలదు. చలికి సగం మంది మఫ్లర్లు చుట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతారు. కొత్త గుర్రం మా దొడ్లో పది రోజులు బుద్ధిగా ఉంది. పిలిస్తే తిరిగి చూసేది కాదు. కొత్త కదా, అలవాటు పడాలి అనుకున్నాం.

మాఘం రాగానే బలిఘట్టంలో మొదటి పెళ్లి కుదిరింది. కొత్త గుర్రాన్ని మొదటిసారి పనికి తీసుకెళ్లేముందు చెవుల దాకా శుభ్రం చెయ్యడం మా ఆయన అలవాటు. ఆ రోజు పొద్దున గోరువెచ్చటి నీళ్లతో కడుగుతుంటే ఒక్కో చెవి లోంచి ఒక్కో దూది ఉండ వచ్చింది. ఆముదంలో తడిపి లోతుగా కుక్కినవి.

"సూడు, ఎంత మంచి మనిసో. గుర్రానికి సలేత్తాదని సెవుల్లో దూది ఎట్టినాడు" అన్నాడు మా ఆయన.

అప్పుడు మా ఆయన చెవుల్లోనూ దూది ఉంది. నా చెవుల్లోనూ ఉంది. ఎండెక్కాక మావి తీసేసుకున్నట్టే దానివీ మళ్లీ చెవుల్లో పెట్టకుండా కిటికీలో ఉంచాడు. చలి తెలియని ఊరివాళ్లయితే అనుమానపడేవాళ్లేమో. మాకు ఆ ఆలోచనే రాలేదు.

సాయంత్రం బలిఘట్టంలో పెళ్లికొడుకు గుర్రం ఎక్కాడు. బ్యాండుమేళం మొదటి దెబ్బ వేసింది. గుర్రం ముందుకాళ్లు పైకి లేపింది. పెళ్లికొడుకు సిమెంటు రోడ్డు మీద పడ్డాడు, మణికట్టు విరిగింది. కళ్లెం వదలని మా ఆయనను చెరుకుతోట దాకా ఈడ్చుకుపోయింది. ఆ పిల్లవాడు చేతికి కట్టుతోనే తాళి కట్టాడు. పెళ్లివారు మమ్మల్ని కొట్టలేదు, అదే ఎక్కువ. ఇంటికొచ్చి కిటికీలో ఉన్న దూది చూశాక గానీ జరిగిందేమిటో మాకు అర్థం కాలేదు.

మర్నాడే రావికమతం వెళ్లాను, ఒక్కదాన్నే. మా ఆయన మోకాళ్లు చెక్కుకుపోయి నడవలేకపోతున్నాడు. ఆ పెద్దమనిషి అరుగు మీద నలుగురితో కూర్చుని ఉన్నాడు. దూది ఉండలు చూపించాను.

"ఇదేటమ్మా, పత్తి యాపారం ఎట్టినారా?" అన్నాడు. అందరూ నవ్వారు. "నాను అమ్మినప్పుడు మీ ఎదరే డప్పులు వాయించినారు. కదిలిందా? సెప్పండి. మీ ఆయనే తాగేసి అదిలించుంతాడు. తాగినోడి కంపుకి గుర్రాలు బెదురుతాయమ్మా. ఇంటికెల్లి ఆయన్ని అడుగు."

మా ఆయన మందు ముట్టడు. మా చర్చిలో ఆదివారం గంట కొట్టేది ఆయనే. నాకు పెళ్లయి వచ్చేనాటికే కొడుతున్నాడు. ఆ గంట విన్నాకే మా వీధివాళ్లు పొయ్యి మీద గిన్నె దించి బయల్దేరతారు. తాగాడన్న మాట నాకంటే ముందే నర్సీపట్నం చేరింది. రెండో ఆదివారం కాకముందే సంఘ పెద్ద ఒకాయన మా ఇంటికొచ్చి, టీ తాగి, "కొన్నాళ్లు గంట ఏరేవోళ్లు కొడతార్లెండి. జనం నోరు మూయించలేం కదా" అన్నాడు.

"సరేనండి" అన్నాడు మా ఆయన. ఆ ఆదివారం చర్చిలో వెనక వరసలో కూర్చున్నాడు. వేరే ఎవరో గంట కొడుతుంటే తలొంచుకుని అరచేతులు చూసుకున్నాడు.

అప్పుడే నిర్ణయించుకున్నాను. ఆ రావికమతం ఆయన నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. గుర్రం చెవుల్లో దూది కుక్కింది నేనేనని తన నోటితో, పైకి వినపడేలా చెప్పాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. క్షమించమని పాస్టరుగారు చెప్పారు. ముందు ఆయన్ని ఒప్పుకోనివ్వండి, తర్వాత క్షమిస్తానన్నాను. పిండి రుబ్బుతున్నా, బట్టలు ఉతుకుతున్నా ఆ నవ్వుముఖమే నా కళ్ల ముందు ఉండేది. ఆ ఆరు నెలల్లో మా ఇంట్లో బట్టలు త్వరగా చిరిగిపోయాయి.

గుర్రాన్ని వదిలించుకుందామని కూడా ఒకసారి అన్నాను.

"మల్లీ సెవుల్లో దూది ఎట్టే అమ్మాలి. అమ్ముదామేటి?" అన్నాడు మా ఆయన. ఆ మాట నేను మళ్లీ ఎత్తలేదు.

నేను పగ పెంచుకుంటుంటే ఆయన గుర్రానికి శబ్దం అలవాటు చేశాడు. దొడ్డి చివర నిలబడి స్టీలు కంచం మీద గరిటెతో ఒక్క దెబ్బ కొట్టేవాడు. గుర్రం బెదిరి సర్దుకున్నాక దగ్గరకెళ్లి బెల్లం ముక్క పెట్టేవాడు. మర్నాడు రెండడుగులు దగ్గరగా నిలబడి కొట్టేవాడు. కంచం అయ్యాక డప్పు. డప్పు అయ్యాక బ్యాండుమేళం సాధన చేసుకునే షెడ్డు పక్కన కట్టేవాడు. మేళం మాస్టారు మా చర్చి ఆయనే, ఆయన కాదనలేదు. ఎండలు పోయి వానలు వచ్చాయి. ఆషాఢం నాటికి చెవి పక్కనే ట్రంపెట్టు ఊదినా అది గడ్డి నమలడం ఆపేది కాదు. కానీ ఆ సంగతి మేళం వాళ్లకూ మాకూ తప్ప ఎవరికీ తెలియదు. మమ్మల్ని పిలిచేవాళ్లే లేరు.

శ్రావణంలో మాస్టారు ఒక పెళ్లి తెచ్చారు. కోటవురట్లలో. గుర్రం, మేళం ఆడపెళ్లివారే పెడుతున్నారు. మా ఆయన శుభలేఖలో తారీఖు చూసుకుని నాకిచ్చాడు. నేను మొత్తం చదివాను. పెళ్లికొడుకు తండ్రి పేరు చదివాను. రావికమతం అన్న ఊరిపేరు చదివాను. మడిచి పౌడరు డబ్బా కింద పెట్టాను. మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఆ పెళ్లికి వెళ్లేవాడు కాదు.

పెళ్లిరోజు పొద్దు వాలకముందే వాన వెలిసింది. మగపెళ్లివారి కార్లు కోటవురట్ల మొదట్లో ఆగాయి. పెళ్లికొడుకు ముందు కారులోంచి దిగాడు. ఎక్కేముందు గుర్రం మెడ నిమిరి, "కరవదు కదండీ?" అని నన్నడిగాడు. కరవదు బాబూ అన్నాను. అది మాత్రం నిజం.

పెళ్లికొడుకు ఎక్కి కూర్చున్నాక వెనక కారులోంచి తండ్రి దిగాడు. అదే ఆకుపచ్చ తువ్వాలు, లేకపోతే అలాంటిదే ఇంకొకటి. నవ్వుకుంటూ వచ్చాడు. ముందు గుర్రాన్ని చూశాడు. తర్వాత మా ఆయనను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మేళం వాళ్లు కర్రలు ఎత్తారు.

"ఆగండి, ఆగండి" అన్నాడు.

ఎత్తిన కర్రలు అలాగే ఆగాయి. ఆయన గబగబా మా ఆయన దగ్గరకొచ్చి, తువ్వాలు చేతి మీద కప్పి ముందుకు చాపాడు. "బాబూ, ఇలగ బేగి రండి. ఒక్క మాట."

మా ఆయన చెయ్యి ఇవ్వలేదు. కళ్లెం పట్టుకుని నా వైపు చూశాడు. నేను ఏం చేశానో ఆయనకు అప్పుడే తెలిసింది.

నేను సంచిలోంచి డబ్బా తీశాను. తువ్వాలు పక్కకు లాగి, రెండు దూది ఉండలనూ ఆ పెద్దమనిషి అరచేతిలో పెట్టాను.

"ఇయి మీయేనండి. దాసి తెచ్చినాను. గుర్రం సెవుల్లో ఎట్టమంటారా, వద్దంటారా? మీరెలగంటే అలగే. కాపోతే అందరికీ వినపడీలాగ సెప్పండి."

రెండు వైపుల పెళ్లివారూ మా చుట్టూ మూగారు. వియ్యంకుడు వచ్చి "ఏటి బావగారూ ఇది?" అన్నాడు. గుర్రం మీంచి కొడుకు "ఏటయింది నాన్నా?" అన్నాడు. ఆయన దూది వైపు చూశాడు, డ్రమ్ముల వైపు చూశాడు, కొడుకు కాళ్ల వైపు చూశాడు. కొడుకును దించమన్నా, దూది పెట్టమన్నా ఎందుకో చెప్పాలి, లేదా కొడుకును అలాగే వదిలెయ్యాలి.

గుర్రం బెదరదని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. నిజానికి అంతకంటే చెడ్డ సంగతి ఒకటుంది. బెదిరితే బెదరనీ, బలిఘట్టం పిల్లవాడి చెయ్యి చెయ్యి కాదా అని ఆ నిమిషంలో అనుకున్నాను. మెడ నిమిరిన పిల్లవాడు పైన ఉండగానే అనుకున్నాను. అది రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు.

"ఎట్టండి" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా.

"వినపడలేదండి."

"దూది ఎట్టండమ్మా. లేకపోతే డప్పుకి బెదురుతాది. నానే అలగ ఎట్టి అమ్మినాను."

"మరి మా ఆయన?"

"ఆయన తాగలేదు. నానే అనీసినాను."

మేళం మాస్టారు ట్రంపెట్టు దించి ఆయన వైపే చూస్తున్నారు. మా ఆయన ముందుకొచ్చి ఆ అరచేతిలోంచి దూది తీసుకుని రోడ్డు పక్క కాలువలో పారేశాడు. "బయపడకండి, ఏటీ అవ్వదు" అని ఆయనతో చెప్పి మాస్టారికి తలూపాడు.

మేళం ఒక్కసారిగా లేచింది. ఆ పెద్దమనిషి రెండు చేతులతో కొడుకు కాలు వాటేసుకుని కళ్లు మూసుకున్నాడు. గుర్రం ఒక చెవి వెనక్కి తిప్పింది. తర్వాత నడక మొదలుపెట్టింది.

పెళ్లివారింటి దాకా ఆయన ఆ కాలు వదల్లేదు. బురదలో ఒక చెప్పు ఊడిపోయినా ఆగలేదు. ప్రతి డ్రమ్ము దెబ్బకూ ఆయన ఉలిక్కిపడ్డాడు, గుర్రం పడలేదు. నేను వెనకే నడుస్తూ చూశాను. ఒక్క దెబ్బ కూడా వదలకుండా చూశాను. అంత తృప్తిగా నేను ఏ ఊరేగింపులోనూ నడవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు. "ఆ పిల్లోడు పడుంటే?" ఇంటికొచ్చాక గుర్రానికి కట్టిన పూసలు నన్ను విప్పనివ్వకుండా తనే విప్పాడు.

మాస్టారు మాత్రం కనపడిన ప్రతివాళ్లకూ చెప్పారు. ఆ ఆదివారం చర్చి గుమ్మం దగ్గర సంఘ పెద్ద మా ఆయనను ఆపి, గంట తాడు చేతికిచ్చాడు. మామూలుగా మా ఆయన పన్నెండు దెబ్బలు కొట్టి ఆపేస్తాడు. ఆపబోతుంటే దగ్గరకెళ్లి ఇంకా కొట్టమన్నాను. నా ముఖంలోకి ఒకసారి చూసి, మళ్లీ తాడు లాగాడు. రావికమతం దాకా వినపడదని నాకు తెలుసు. అయినా కొట్టమన్నాను.