ల్యాబుకు వెళ్ళిన మా బావి నీళ్ళు

నేను బీదర్‌లో సివిల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఎవరింటి తాగునీళ్ళు వాళ్ళు తెచ్చి ల్యాబులో పరీక్షించాలన్నారు. ఈ రోజు ఫలితాలు వచ్చాయి. భాల్కి నుంచి వచ్చే నా స్నేహితురాలి నీళ్ళు వేసి ఉంచిన గాజు పళ్ళెం నిండా సూక్ష్మజీవుల చుక్కలే. మా ఊరు మన్నళ్ళిలోని మా బావి నీళ్ళలో మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు! ఎగిరి గంతేశాను. సార్ కూడా వచ్చి చూసి ఆశ్చర్యపోయారు. వెంటనే అమ్మకు ఫోన్ చేశాను.

“అమ్మా, మన బావి ఫస్టొచ్చింది!”

“రాకేంజేస్తది? మంచిగ మరగవెట్టి, సల్లార్చి, బట్టతోని వడగట్టి సీసల నింపిన. కాలేజీల నలుగురు చూస్తరు గద బిడ్డా, మన ఇజ్జత్ పోతే ఎట్ల?”

ఇంట్లో మేము తాగేవి మాత్రం బావిలోంచి చేదిన నీళ్ళు చేదినట్టే. మర్యాదంతా సీసాకే దక్కింది. నవ్వాపుకుని, రేపటి నుంచి మాకూ ఆ నీళ్ళే పొయ్యమన్నాను.

“ఇంట్ల తాగేటియి ఎవరు చూస్తరే?” అంది.

రేపు పొద్దున సీసా నేనే నింపుతున్నాను. అసలు సంగతి తేలేదాకా నాకు కాలు నిలవదు. ఈలోగా మీరు చెప్పండి, మీ ఇంట్లోనూ చుట్టాలొస్తేనే మంచి గ్లాసులు బయటికొస్తాయా?