చంకలో బ్యాటరీలు, అద్దం అవతల చిరుత

ఆ రోజుల్లో చలి అంటే స్వెట్టరు తొడుక్కుంటే తీరిపోయే చిన్న ఇబ్బంది అనుకునేవాణ్ణి. తెనాలి నుంచి ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌కి మాస్టర్స్ చదవడానికి వచ్చిన కొత్త. మేమంతా కలిసి ఉండే ఇంట్లో, పై గదిలో వరంగల్ సీనియర్ ఒకతను ఉండేవాడు. అందరం కెమెరా అన్న అని పిలిచేవాళ్లం. అన్న తీసిన బాతుల్నీ ఉడతల్నీ యూనివర్సిటీ ఫొటో క్లబ్బు వాళ్లు తమ ప్రదర్శనకు పనికిరావని ప్రతిసారీ తిప్పి పంపేవారు. చివరికి రోషం వచ్చి, ఈసారి మంచు చిరుతను తెస్తానని వాళ్లకు మాటిచ్చేశాడు. (ఇచ్చి ఇంటికొచ్చాక, అది ఎక్కడుంటుందని నన్ను అడిగాడు.)

స్కాట్లాండ్ కొండల్లో ఒక జంతువుల పార్కులో ఉందని తెలిసి, జనవరిలో ఇద్దరం కోచ్ బస్సు ఎక్కాం. అక్కడ దిగి గాలి పీల్చగానే ముక్కులోపల ఏదో చిటపటమంది. అదేమిటని అడిగితే, వెంట్రుకలు గడ్డకడుతున్నాయని అన్న తాపీగా చెప్పాడు. కెమెరా బ్యాటరీలు కూడా చలికి తట్టుకోలేవట. అందుకని విడి బ్యాటరీలను నా చంకల్లో పెట్టించి, పైన స్వెట్టరు, హుడీ, జాకెట్ వరసగా తొడిగించాడు. ఆ ఫొటోగ్రఫీలో నా పాత్ర అంతే, నడిచే కుంపటి.

ఆవరణ అద్దం అవతల, బండమీద చిరుత పడుకుని ఉంది. బారెడు తోకను మొహం చుట్టూ మఫ్లరులా చుట్టుకుంది. చలికి ముక్కు కప్పుకుందా, లేక మమ్మల్ని చూడలేక కప్పుకుందా అని నేను దీర్ఘంగా ఆలోచిస్తుండగా అది తల ఎత్తింది. అదే క్షణంలో కెమెరా ఆగిపోయింది.

"బ్యాటరీ ఇయ్యి తమ్మీ, జల్ది" అన్నాడు అన్న, చిరుత మీంచి చూపు తిప్పకుండా.

"జిప్పు రావట్లేదన్నా. బిగుసుకుపోయింది."

నా వేళ్లు నా మాట వినే స్థితిలో లేవు. అన్న గ్లవ్స్ తీసి నా జాకెట్ మీద పడ్డాడు. జిప్పు రాలేదు. చివరికి నన్ను వంచి, మెడ దగ్గర్నుంచి లోపలికి చెయ్యి దూర్చాడు. ఆ మంచుగడ్డ వేళ్లు తగిలేసరికి నేను గంగిరెద్దులా గెంతాను. గెంతుతూనే చూద్దును కదా, చిరుత బండ దిగి అద్దం దాకా వచ్చేసింది. తల ఒక పక్కకు వంచి మా ఇద్దర్నీ పరీక్షగా చూస్తోంది. దాని ఊపిరికి అటువైపూ నా ఊపిరికి ఇటువైపూ అద్దం మసకబారింది.

ఆ పక్కనే ఉన్న పార్కు ఆవిడ, అది మనుషుల దగ్గరికి ఇలా వచ్చి చాలా కాలమైందనీ, ఏం చేస్తున్నారో గానీ ఆపవద్దనీ ఎంతో మర్యాదగా కోరింది.

కానీ బ్యాటరీ చేతికి రానే వచ్చింది. కెమెరా ఎత్తేలోగా చిరుత మా మీద ఆసక్తి పోయి వెనుదిరిగింది. ఫొటోలో పడింది తోక కొస ఒక్కటే. అన్న దాన్నే క్లబ్బుకిచ్చాడు, ఆశ్చర్యమేమిటంటే వాళ్లు తీసుకున్నారు. ప్రదర్శనలో జనం దానిముందే ఎక్కువసేపు నిలబడ్డారు. (అదేమిటో అర్థంకాక అని నా అనుమానం, కళ అని అన్న నమ్మకం.)

ఇప్పుడు లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో ఆఫీసు ఉద్యోగం నాది. చలికాలం ఇంట్లోంచి కదలమంటే సాకులు వెతుకుతాను. అప్పుడప్పుడు మాత్రం, అంత చలిలో అంత సంబరంగా గెంతిన ఆ కుర్రాణ్ణి చూడాలనిపిస్తుంది. వాణ్ణి అంత దగ్గరగా, అంత శ్రద్ధగా చూసింది ఆ చిరుత ఒక్కటే.