పొద్దు పొడవని నెలలు

ఒమాన్‌లోని నిజ్వాలో మా పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. మొన్న పొద్దున లారీలోంచి సెంట్రింగ్ పలకలు దించి, ఎండకు పగలకుండా వాటి మీద నీళ్లు చల్లుతుంటే, తడిసిన పైన్ చెక్క వాసన గోడ దాటి వచ్చి నన్ను వాకిట్లోనే నిలబెట్టేసింది. సైట్‌లో పనిచేసే జగిత్యాల అతన్ని ఆ చెక్క ఎక్కడిదని అడిగాను. "ఫిన్లాండ్‌దట మేడం. మా కంపెనీకి ఎప్పుడు గదే వస్తది" అన్నాడు. ఆ దేశపు ఉత్తరపు కొసన, నది ఒడ్డున ఒక చిన్న ఊళ్లో నేను పెరిగానని, మా అమ్మ అక్కడే ఉండిపోయిందని చెబుదామనుకునేలోపే అతను ఇంకో పలక భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

బాపు, అంటే మా నాన్న, ఆ ఊరి హోటల్లో వంట చేసేవాడు. మేం వెళ్లింది వేసవిలో. అక్కడి వేసవిలో సూర్యుడు అసలు అస్తమించడు; భోజనాలయ్యి, గిన్నెలు కడిగి, నిద్రకు కిటికీలకు మందపాటి దుప్పట్లు కట్టుకున్నాక కూడా బయట చెట్ల మీద పసుపు రంగు ఎండ కాస్తూనే ఉంటుంది. అమ్మకు అది పెద్ద వింత. ఇంత ఎండ ఊరికే పోతుందని బాల్కనీలో చీర పరిచి వడియాలు పెట్టేది. ఆ ఎండకు వేడి లేక అవి రోజుల తరబడి మెత్తగానే ఉండేవి, దోమలు మాత్రం వాటి చుట్టూ మేఘంలా ముసిరేవి.

తర్వాత ఆకులు పండే కాలం. తెల్లటి మానులున్న బిర్చ్ చెట్లన్నీ ఒక్క వారంలో పసుపు పచ్చగా మారిపోయేవి, నేలబారు పొదలు ఎర్రగా నిప్పంటుకున్నట్టు ఉండేవి, అడవిలో నాచు మీద కూర్చుని మేం ఎర్రటి పుల్లపండ్లు బుట్టలకొద్దీ ఏరుకొచ్చేవాళ్లం. వాటితో అమ్మ ఎండు మిరపకాయలు నూరి పచ్చడి చేసేది. బతుకమ్మకు తంగేడు లేదు, గునుగు లేదు. పసుపు బిర్చ్ ఆకులు, ఊదా రంగు గడ్డిపూలు వరుసలుగా పేర్చి, తనూ నేనూ ఇద్దరమే చుట్టూ తిరిగి, చలికి ముక్కులు కారుతుంటే నదిలో వదిలేవాళ్లం. పక్కింటి ఐనో అనే ముసలమ్మ ఒడ్డున నిలబడి, ఏమిటో తెలియకపోయినా మాతో పాటు చప్పట్లు కొట్టేది. ఆమెకు తెలుగు రాదు, అమ్మకు ఆమె భాష రాదు. ఇద్దరూ చేతులతో, నవ్వులతో మాట్లాడుకునేవారు.

ఆ తర్వాత నది గడ్డకట్టేది. కాళ్ల కింద మంచు కరకరలాడేది, ఊపిరికి కనురెప్పల వెంట్రుకలు తెల్లబడేవి, మేం పిల్లలం ప్లాస్టిక్ పళ్లేల మీద కూర్చుని గుట్ట పైనుంచి జారేవాళ్లం. ఒక రోజు సూర్యుడు దక్షిణం గుట్ట వెనక్కి దిగి, ఇక కొత్త సంవత్సరం వచ్చేదాకా పైకి వచ్చేవాడు కాదు. మధ్యాహ్నం కాసేపు నీలిమందు కలిపినట్టు ఒక వెలుగు, అంతే.

నేను మూడో తరగతిలో ఉండగా, ఆకులు రాలేనాటికి అమ్మకు దగ్గు పట్టుకుంది. దగ్గర్లోని పట్నం ఆసుపత్రిలో పరీక్షలు చేసి, జబ్బు చాలా ముదిరిపోయిందని చెప్పారు. ఇంటికి తీసుకొచ్చేసరికి సూర్యుడు పోయాడు. బాపు ఆమె మంచాన్ని దక్షిణం కిటికీ దగ్గరికి జరిపాడు. ఐనో రోజూ వచ్చి కిటికీ గట్టు మీద కొవ్వొత్తులు వెలిగించి, అమ్మ పాదాలకు తాను అల్లిన ఉన్ని మేజోళ్లు తొడిగి వెళ్లేది. అమ్మకు భయమల్లా చావు గురించి కాదు, చీకట్లో పోతానేమోనని.

"పొద్దు పొడిచిందా బిడ్డా?" అని నేను బడి నుంచి రాగానే అడిగేది.

"రేపు పొడుస్తదంట అమ్మా" అనేదాన్ని, ఐనో తన భాషలో నాకు నేర్పినట్టే.

అమ్మ అంతవరకు ఆగలేదు. ఆమె పోయిన వారానికే సూర్యుడు వచ్చే రోజు వచ్చింది. ఆ రోజు బడి పిల్లలందర్నీ గుట్ట మీదికి తీసుకెళ్లడం అక్కడి ఆనవాయితీ. ఊరు ఊరంతా వచ్చింది. బాపు కూడా వచ్చి నా వెనక నిలబడ్డాడు. గుట్టల అంచున ఎర్రటి గీత మెరవగానే పిల్లలు కేకలు వేశారు, ఐనో ఏడుస్తూ నా తల నిమిరింది. తిరిగి చూస్తే బాపు సూర్యుడికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

"ఇటు చూడు బాపూ" అన్నాను.

"మీ అమ్మ చూడంది నేనెట్ల చూస్తనే" అన్నాడు.

వసంతంలో నది మంచు పెళపెళ విరిగి కదిలాక అమ్మ అస్థికలు అందులోనే కలిపి, మేం ఆ దేశం వదిలి వచ్చేశాం.

ఐనో చనిపోయి చాలా కాలమైంది. ఆమె మనవరాలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. నది ఇప్పుడు ఆలస్యంగా గడ్డకడుతోందట, మంచు పడాల్సిన రోజుల్లో వాన పడుతోందట, మేం జారిన గుట్ట మీద పిల్లలు బురదలో నడుస్తున్నారట. అమ్మను దాచుకున్న ఆ చలికాలం కూడా పోతోందని వింటుంటే, మళ్లీ ఒకసారి ఆమెను పోగొట్టుకున్నట్టే ఉంటుంది.

బాపు ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. నిన్న మిట్టమధ్యాహ్నం, వీధిలో పిల్లి కూడా తిరగని వేళ, వాకిట్లో కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని, ముఖం ఎత్తి సూర్యుడికి పెట్టి కూర్చున్నాడు.

"లోపలికి రా బాపూ, వడదెబ్బ తగుల్తది."

"జరసేపు ఆగు బిడ్డా. మీ అమ్మ వంతు సుత నేనే కూసోవాలె గద."

నేను ఇంకో కుర్చీ తెచ్చి ఆయన పక్కనే వేసుకున్నాను.