మూలశంక ఒక్కటే మిగిలింది

పాతపట్నం దగ్గర మూడెకరాల వరిచేను చేసుకునే అసిరయ్యకు అబద్ధమాడడం చేతకాదు. చిన్న అబద్ధానికే చెవులు ఎర్రబడతాయి. అందుకే, తన పెద్దపేగు క్యాన్సరుకు ఆపరేషనూ ఆరునెలల కీమోనూ అయ్యాక, విశాఖ డాక్టరును ఒంటరిగా కలిసొచ్చి, తలపాగా చెవుల మీదకు దించుకుని అసిరయ్య చెప్పిన మాటను భార్య లక్ష్మణమ్మ ఇట్టే నమ్మేసింది. నాట్ల రోజులు కావడంతో ఆ ఒక్కసారే ఆవిడ వెంట వెళ్లలేకపోయింది.

"క్యాన్సర్ పోయిందే. ఇంక మూలశంకొక్కటే మిగిలిందన్నాడు డాక్టరు."

క్యాన్సర్‌నే చూసిన మనిషి మొలలకు భయపడుతుందా! ఏడాదిగా మెతుకు సయించని లక్ష్మణమ్మ ఆ పూట కడుపునిండా తింది.

మూడు నెలలకు ఊరి నర్సు ఝాన్సీ ఆసుపత్రి కాగితంతో వచ్చింది.

"మావయ్యా, పరీక్షకి ఎల్నేదేటి?"

"మూలశంకకి విశాఖ ఎందుకమ్మా? మొలలకి మంచిదని కంద తింటన్నాను కదా."

"మూలశంక కాదు, మూలకణాలు! క్యాన్సర్లో అలాంటి కణాలు కొన్నుంటాయి. మందేస్తే మిగతావి సస్తాయి, ఇవి దాక్కుంటాయి. అదను సూసి మళ్లీ పుట్టిస్తాయి. నీకు మిగిలాయో నేదో తెలీదు. అందుకే రమ్మన్నారు."

లక్ష్మణమ్మ మొగుడి వైపు తిరిగింది. "తప్పుగా ఇన్నావేటి మావా?"

అసిరయ్య తల దించుకున్నాడు. "సరిగ్గానే ఇన్నాను. డాక్టరు సెప్తంటే మన సేన్లో తుంగ గుర్తొచ్చింది. పైన మందు కొడితే ఆకు మాడతాది, మట్టిలో గడ్డ మాడదు. అది తెలీని రైతునేటి?"

"మరి నాకెందుకలా సెప్పావు?"

"నువ్వన్నం మానీసి అప్పటికి ఏడాదయిందే."

లక్ష్మణమ్మకు ఒళ్లు మండిపోయింది. ఈ వెర్రి మనిషి మీద అంతకు పదింతలు ప్రేమ పొంగింది. ఏది ముందు చూపించాలో తెలియక విసవిసా వంటింట్లోకి పోయింది.

రెండు కంచాలతో వచ్చి, ఒకటి ఆయన ముందు పెట్టింది.

"తుంగని ఒక్కసారి పీకి వదిలీసినావేటి ఎప్పుడైనా? ఏటేటా పీకనేదా? తిను. బస్సుకెల్లాల."

"గడ్డ మిగిలిందని డాక్టరు సెప్తే?"

ఆవిడ కళ్లు తుడుచుకోకుండానే పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

"నిజం తెలిసినా తింటన్నాను. సూడు."